సొరకాయ రుచి ఎవరు చూస్తారు

ఆగాగు, ఆ సొరకాయని అలా చెక్కు గీకేసి గబగబా తరిగేస్తున్నావేంటే? ముందు తొడిమ వైపు గోరంత ముక్క కోసి నాలిక మీద పెట్టుకో. పెట్టుకుని ఉమ్మెయ్. నవ్వుతావేం? డాబా మీద నీ కుండీలో కాసిందే కావచ్చు, నీ చేత్తో విత్తు పెట్టిందే కావచ్చు, కాయకి అదంతా ఏం తెలుసు? మొన్న నువ్వూ మీ ఆయనా ఆరు రోజులు ఊరెళ్లొచ్చారు, నీళ్లు పోసే దిక్కు లేదు, తీగంతా ఉడకేసినట్టు వేలాడిపోయిందని నువ్వే అన్నావు. అందుకే చెబుతున్నా. ఊఁ, పెట్టుకో. చేదుగా ఉందా? సరిగ్గా చూసి చెప్పు. అమ్మమ్మ కంగారుపడుతుందని నా కోసం లేదని చెప్పకు. లేదా? నిజంగా లేదా? హమ్మయ్య. ఇంక తరుక్కో.  వయసు వల్ల వచ్చిన చాదస్తం అనుకుంటున్నావు గానీ, ఈ భయం నాకు పదిహేనో ఏట నుంచీ ఉంది.

ఇలా రుచి చూడాలని ఎవరు చెప్పారా? మా వదిన. మా అన్నయ్య పెళ్లాం. నీకు తెలీదులే, మీ అమ్మక్కూడా తెలీదు, ఆవిడ పేరు మా ఇంట్లో ఎత్తేవాళ్లం కాదు. వీధిలో అందరూ పాదులమ్మ అనేవాళ్లు. అమ్మా నాన్నా పోయాక నేను అన్నయ్య ఇంట్లోనే పెరిగాను. ఆ ఇంటి వెనక మహా అయితే నాలుగు మంచాలు పట్టేంత స్థలం. అందులో ఎండాకాలం వచ్చిందంటే బెండ, వంగ, దోస, బీర, గోడవారగా టమాటాలు, వీటన్నిటి మీదా గొడుగు పట్టినట్టు సొరపందిరి. ఎండకి కాకులే నోరు తెరుచుకుని కూర్చునే రోజుల్లో ఆవిడ పెరడు మాత్రం పచ్చగా ఉండేది. మంత్రమేం లేదు. మోచేతి లోతు గుంట తవ్వి ఎండుటాకులూ పేడా వేసి మగ్గబెట్టేది. పగిలిన కుండలన్నీ వీధి వాళ్ల దగ్గర అడిగి తెచ్చి, అడుగున చిల్లుపెట్టి, పాత గుడ్డ వత్తిలా మెలిపెట్టి దోపి, పాదు పక్కన మెడదాకా పాతేది. ఒక్క చెంబు పోస్తే రెండు రోజులు బొట్టు బొట్టుగా వేరు తాగేది. మొదళ్ల చుట్టూ గడ్డి పరిచేది. మధ్యాహ్నం టమాటా మొక్కల మీద తన పాత చీర కప్పేది. "నా ఒంటి మీదకంటే దీని మీదే బాగుంది కదే చిట్టీ" అని నవ్వేది. చిట్టి అంటే నేనే. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది చూడు, అప్పుడు నన్ను పిలిచి చూపించేది. కింద బుడ్డ కాయ ఉంటే ఆడ పువ్వు, లేకపోతే మగ పువ్వు. మగ పువ్వు ఒకటి తుంచి ఆడ పువ్వుకి రాసేది. "ఇన్ని మగ పూలు ఎందుకు వదినా" అని నేనడిగితే, "పూయడానికి, రాలడానికి, మధ్యలో పెత్తనం చెయ్యడానికి" అనేది. అని వెంటనే వెనక్కి తిరిగి చూసుకునేది. ఎవరైనా విన్నారేమోనని.

ఎవరంటావేం, అన్నయ్యే. ఊళ్లో నీళ్లు వదిలే ఆఫీసులో పనిచేసేవాడు. ఏ వీధికి ఎన్ని గంటలకి వదలాలో, ఎంతసేపు వదలాలో ఆయన చేతిలో ఉండేది, దాంతో అందరూ దండాలు పెట్టేవాళ్లు. పెద్దమనిషి అని పేరు. తాగడు, పేకాడడు, బయట గొంతెత్తి మాట్లాడడు. ఆ ఎత్తని గొంతు ఇంట్లో ఎత్తేవాడు. అసలు ఎత్తకుండానే భయపెట్టేవాడు. సందు చివర సైకిల్ గంట వినపడగానే నేను చేతిలో పని వదిలేసి చెవులు రిక్కించేదాన్ని. గుమ్మం ముందు సైకిల్ స్టాండు వేసే చప్పుడు ఒకటుండేది, టక్ మని. మెల్లగా వేస్తే ఆ పూటకి బతికాం. గట్టిగా వేస్తే నేను పుస్తకం తీసుకుని మూలకి, వదిన పొయ్యి దగ్గరికి. ఆయనకో నియమం ఉండేది. తనకంటే ముందు ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. ముట్టడం మాట అలా ఉంచు, వండుతూ ఉప్పు చూడకూడదు. "మీరు ఎంగిలి చేసి వదిలింది నేను తినాలా?" అనేవాడు. మరి ఉప్పు ఎక్కువైతే? పళ్లెం ఎగిరేది. తక్కువైతే? అప్పుడూ ఎగిరేది. రుచి చూడకుండా ఉప్పు సరిపోయేలా వండాలి, సరిపోకపోతే దెబ్బలు తినాలి. ఏ కోర్టులో దొరుకుతుందే ఇలాంటి న్యాయం? ఆ, అన్ని కోర్టుల్లోనూ అదే అంటావా? అంటావులే, నువ్వు చదువుకున్నదానివి.

వదిన మాత్రం చాటుగా రుచి చూసేది. ముఖ్యంగా సొరా, దోసా, బీరా. కాయ కోసేటప్పుడే తొడిమ దగ్గర ముక్క నాలికకి తగిలించి ఉమ్మేసేది. "ఇవి మొహమాటం లేని జాతి చిట్టీ, దాహంతో చచ్చిపోతుంటే కాయలోకి చేదు దింపుతాయి. కొంచెం చేదైతే పారేస్తే పోతుంది. బాగా చేదైంది తింటే మనిషి పోతాడు" అని చెప్పింది నాకు. వాళ్ల ఊళ్లో చిన్నప్పుడు ఎవరికో అలా అయిందట. ఆ రహస్యం నాకూ ఆవిడకీ మధ్యే ఉండేది. ఉండాలి కదా? ఒకరోజు నేను అన్నయ్య సిరా బుడ్డి ఒలకబోశాను. ఆఫీసు కాగితాల మీద. టక్ మని స్టాండు పడింది, ఆయన లోపలికొచ్చాడు, బల్ల చూశాడు, నన్ను చూశాడు, చేతి గడియారం విప్పి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. కొట్టే ముందు గడియారం విప్పేవాడు, పగిలిపోతుందని. ఆ విప్పడం చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీదు, "అన్నయ్యా, వదిన రోజూ నీకంటే ముందే అన్నీ రుచి చూస్తోంది" అనేశాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడటం మానేసి వంటింటి వైపు చూశాడు. నేను గెలిచాననుకున్నానే. నిజం చెబుతున్నా, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. తర్వాత వంటింట్లోంచి ఏం వినపడిందో నీకు చెప్పను. అన్నం తినేటప్పుడు చూస్తే వదిన దవడ మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. "ఈ నోరేనా, ఈ నోరేనా" అంటూ పట్టుకున్నవి. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి నాకు ఉద్యోగం ఇచ్చాడు అన్నయ్య. వంట అయ్యేదాకా వంటింటి గడప మీద కూర్చోవాలి. వదిన నోట్లో ఏమైనా పెట్టుకుంటుందేమో చూడాలి. సాయంత్రం ఆయన అడిగితే చెప్పాలి. స్కూలు నుంచి వచ్చి నేను చేసే పని అదన్నమాట.

ఆ వేసవిలోనే కుళాయికి తాళం పడింది. ఎందుకంటే, పక్కింట్లో బట్టలు కుట్టుకునే ఒకావిడ ఉండేది, ఒంటరి మనిషి, జ్వరంతో పడి లేచింది. వదిన ఆవిడకి రెండు సొరకాయలు ఇచ్చింది. అన్నయ్య సాయంత్రం పందిరి కింద నిలబడి పైకి చూశాడు. "రెండు తక్కువున్నాయే?" అన్నాడు. "ఇచ్చానండీ" అంది వదిన. "ఎవరినడిగి?" "నేను పెంచిన పాదే కదండీ." అంతే, ఆ ఒక్క మాట. ఆయన కొట్టలేదు. ఎంతో శాంతంగా, "పాదు నీదా? సరే. నీళ్లు నావి" అన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి ఇనప డబ్బా ఒకటి తెచ్చి పెరట్లో కుళాయికి బిగించి తాళం వేశాడు. ఇంట్లోకి రోజూ పొద్దున్నే రెండు బకెట్లు తనే పట్టి ఇచ్చేవాడు, తాగడానికీ వండటానికీ తోమడానికీ అన్నిటికీ అవే. పదిహేడు రోజులు. నేల చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది. బెండలు పోయాయి, దోస పోయింది. పక్కింటావిడ పాపం గోడ మీదుగా ఒక చెంబు అందించబోతే వదినే వద్దంది, "ఆయన మీ ఇంటి నీళ్లు కూడా ఆపేస్తాడు, నీకెందుకమ్మా" అని. బియ్యం కడిగిన నీళ్లు, మేం మొహం కడుక్కున్న నీళ్లు, అవే కుండల్లో పోసి సొరపాదొక్కటీ బతికించింది. ఒకరోజు ధైర్యం చేసి అడిగింది. "ఏవండీ, నీళ్లు లేకపోతే కాయ చేదెక్కుతుందండీ, మంచిది కాదు" అంది. అన్నయ్య నవ్వాడు. "నోరు నీకొక్కదానికే ఉందనుకున్నా, కాయలకి కూడా నేర్పావా? చేదెక్కుతుందో నీ తిక్క ఎక్కుతుందో చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాడంటే ఇంక అది పంతమే.

పద్దెనిమిదో రోజు తాళం తీశాడు. ఎందుకు తీశాడో చెప్పలేదు, విసుగొచ్చిందేమో. నీళ్లు తగిలేసరికి ఆ పాదు పిచ్చెక్కినట్టు చిగుళ్లు వేసింది. అంతకు ముందు పిందెలుగా నిలిచిపోయినవి నాలుగు ఊరాయి. వదిన వాటివంక చూడటానికే భయపడేది. "ఇవి కొయ్యను చిట్టీ, తర్వాతి కాపు చూద్దాం" అంది. ఓ ఆదివారం పొద్దున అన్నయ్యే కుర్చీ వేసుకుని ఎక్కి ఒక కాయ కోశాడు. తెచ్చి వంటింట్లో కత్తిపీట పక్కన పెట్టాడు. "ఇది వండు" అన్నాడు. నేను గడప మీద నా ఉద్యోగంలో ఉన్నాను. వదిన కాయని రెండు చెక్కలు చేసింది. వాసన చూసింది. సొరకాయకి వాసనేముంటుందే? అయినా చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపు... ఊఁ, వింటున్నావా? గొంతు బాగా తగ్గించి, "చిట్టీ, ఒక్క ముక్క. నాలిక చివర పెట్టుకుని ఉమ్మేస్తా. నువ్వు అటు తిరుగు" అంది. ముందు గదిలో అన్నయ్య పేపరు తిప్పుతున్న చప్పుడు వినపడుతోంది. నేను ఏమన్నానో తెలుసా? "అన్నయ్య అడుగుతాడు వదినా" అన్నాను. అటు తిరగలేదు. ఆవిడ ఇంకేం బతిమాలలేదు. ముక్కలు కోసింది, వండింది.

అన్నయ్య కూర్చున్నాడు. మేమిద్దరం నిలబడ్డాం, ఆయన తినేదాకా మేం కూర్చునేది లేదుగా. మొదటి ముద్ద పెట్టుకోగానే ఆయన మొహం మారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దవడ ఆగింది. వదిన, "చేదుగా ఉందా అండీ? వదిలెయ్యండి, వేరే ఏదైనా చేస్తాను" అంది. వదిలేస్తే ఏం పోయేదే ఆ మనిషికి? ఒక్క మాట పోయేది. పెళ్లాం చెప్పింది నిజమని ఒప్పుకోవాల్సి వచ్చేది. అంతకంటే విషం మింగడం నయమనుకున్నాడు. "చేదా? ఏం చేదు? బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. ఒక్కొక్క ముద్దా మింగుతూ మా ఇద్దరి వంకా చూస్తూ తిన్నాడు. "గిన్నెలో ఉన్నదంతా వెయ్యి" అన్నాడు. వదిన గిన్నె వెనక్కి లాక్కుంది. "వెయ్యమన్నానా?" అన్నాడు. వేసింది. అంతా తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు లేచినట్టే గోడ పట్టుకున్నాడు. తర్వాత వాంతులు, నెత్తురు, చల్లబడిపోయిన చేతులు. వదినే పరిగెత్తుకుంటూ వెళ్లి రిక్షా తెచ్చింది, చెప్పులు కూడా లేకుండా.

బతికాడు. నాలుగు రోజులు సీసాలు ఎక్కించారు. డాక్టరు ఏం తిన్నాడని అడిగితే వదిన సొరకాయ అంది. ఆయన నవ్వేశాడు. "సొరకాయ తిని ఎవరైనా పోతారా అమ్మా, నిజం చెప్పు" అన్నాడు. అక్కడ మొదలైంది. మా మేనమామ ఊరి నుంచి దిగాడు. ఆయన వెంట అన్నయ్య స్నేహితుడు ఒక హెడ్ కానిస్టేబుల్, హెడ్డు అనేవాళ్లం. అన్నయ్యని ఇంటికి తెచ్చి మంచం పెరట్లో నీడకి వేశారు, దాని చుట్టూ పంచాయితీ. మామయ్య చేతులు తిప్పుకుంటూ, "ఇంట్లో ముగ్గురు మనుషులు, తిన్నది ఒక్కడేనా? మీ ఇద్దరూ ఒక్క మెతుకు ముట్టలేదేం? కూర గిన్నె కూడా నాకేసినట్టు ఖాళీ. సాక్ష్యం మిగల్చకుండా భలే చేశావమ్మా!" అన్నాడు. ముట్టకూడదన్నది ఎవరి నియమం? ఖాళీ చెయ్యమన్నది ఎవరు? అన్నయ్య మంచం మీద కళ్లు తెరిచే ఉన్నాడు, అన్నీ వింటున్నాడు. వదిన ఆయన వైపు తిరిగి, "మీరు చెప్పండి. చేదుగా ఉందా లేదా?" అంది. ఒక్క మాట అనుంటే అయిపోయేది. "లేదు. బాగానే ఉంది" అన్నాడు. హెడ్డు పుస్తకం తీసి రాసుకున్నాడు. కాయలో చేదు లేదంటే మరి కూరలో ఏదో కలిసినట్టేగా? కలిపింది ఎవరన్నట్టు? చూశావా, మాట గెలవడం కోసం మొదలెట్టిన అబద్ధం ఎక్కడిదాకా వచ్చిందో.

 వదిన కుర్చీ లాగి, ఎక్కి, మిగిలిన మూడు కాయల్లో ఒకటి కోసింది. అందరి ముందూ కత్తిపీట వేసి చెక్కలు చేసింది. "ఇదే తీగ, అదే కాపు. నా చేత్తో ఏమీ కలపలేదు, మీ కళ్ల ముందే కోశాను. తలో ముక్కా నోట్లో పెట్టుకోండి. చేదుగా ఉంటే తప్పు కాయది. లేకపోతే నాది, నన్ను తీసుకుపొండి" అంది. పచ్చి ముక్కలు పళ్లెంలో పెట్టి చాపింది. హెడ్డు మీసం సవరించుకున్నాడు. "నేను డ్యూటీలో ఉన్నానమ్మా" అన్నాడు. మామయ్య, "నాకు పళ్లెక్కడివే, ఉన్న రెండూ కదులుతున్నాయి" అన్నాడు. కాయలో ఏమీ లేదని అంత నమ్మకంగా చెప్పిన మొగాళ్లు, ఒక్కరూ చెయ్యి చాపలేదు. అప్పుడు వదిన నా వైపు తిరిగింది. "నా ఆడపడుచు చూస్తుంది. దానికీ నాకూ రక్తసంబంధం లేదు, ఆయన చెల్లెలు. దాని మాట మీరు నమ్ముతారుగా" అంది.  ఆవిడ నన్నే ఎందుకు పిలిచిందో ఇన్నేళ్లొచ్చినా నాకు అర్థం కాదు. అన్ని చాడీలు చెప్పాక కూడా.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తా, లేకపోతే మళ్లీ అడుగుతావు. హెడ్డు ఆవిడని తీసుకెళ్లాడు. మూడు రోజులు స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి, ఏమీ తేలక వదిలేశాడు. ఇంటికి మాత్రం రాలేదు ఆవిడ. వీధి వీధంతా మొగుడికి మందు పెట్టిందనే చెప్పుకుంది, ఒక్క పక్కింటావిడ తప్ప. ఎక్కడో పెద్దాసుపత్రి తోటలో పనికి కుదిరిందని ఓసారి విన్నాను. వెళ్లి చూడలేదు. ఇప్పుడు ఉంటే తొంభై దాటి ఉంటాయి, ఉండి ఉండదు. అన్నయ్య మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకో ముప్పయ్యేళ్లు బతికాడు, నా పెళ్లి కూడా ఘనంగా చేశాడు.

ఆ రోజా? ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకుని కొరికాను. చేదు అంటే మామూలు చేదు కాదే, నాలిక ముడుచుకుపోయి, గొంతు దాకా మంట. చెవుల్లోంచి కూడా చేదు వస్తున్నట్టుంది. తల ఎత్తితే ఎదురుగా అన్నయ్య. మంచం మీద, పీక్కుపోయిన మొహంతో, లేవలేని మనిషి. లేచి నన్ను కొట్టలేడు ఆ రోజు. అది నాకు తెలుసు. కానీ రేపు లేస్తాడు కదా? ఆవిడ వెళ్లిపోతే ఆ ఇంట్లో మిగిలేది నేనూ ఆయనే కదా?  ఆయన కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని గడియారం పట్టీ మీద వేలు పెట్టాడు, అంతే. హెడ్డు, "చేదుగా ఉందా పాపా?" అన్నాడు. నేను ముక్కని బుగ్గలోకి నెట్టి, "లేదు. బాగానే ఉంది" అన్నాను. అన్నయ్య మాట అన్నయ్య అన్నట్టే అన్నాను. నమ్ముతారని కాస్త మింగాను కూడా.

వదిన మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదే. ఒక్క అంగలో వచ్చి నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. వేలు లోపలికి పెట్టి ముక్కంతా గీకి బయటికి తీసేసింది. "ఉమ్మెయ్ చిట్టీ, ఉమ్మెయ్, గుటక వెయ్యకు" అంటోంది. హెడ్డు చూస్తున్నాడు, మామయ్య చూస్తున్నాడు. చేదు లేని ముక్కని ఎందుకు గీకి తీయాలని ఒక్కడికీ అనుమానం రాలేదు, వచ్చినా పైకి అనలేదు. తన చెంగుతో నా నాలిక తుడిచింది. తుడుస్తూ చెవిలో ఒకటే అడిగింది. ఎందుకలా చెప్పావని అడగలేదు. "ఏమైనా లోపలికి పోయిందా?" అని అడిగింది. పోలేదన్నాను. అదీ అబద్ధమే. ఆవిడ వెళ్లాక పెరట్లో గోడ వెనక ఒక్కదాన్నే కక్కుకున్నాను, ఎవరికీ వినపడకుండా...

ఆ కిటికీ తలుపు వెయ్యవే. ఎండ మొహం మీద పడుతోంది.